తీరపు నీటిలో కార్బన్ డయాక్సైడ్: ఒక్క అంకెతో తేలదు

మీ ప్రశ్న సారాంశం ఇది. జెట్టీ పక్కన మీటరు లోతులో వేలాడదీసిన కార్బన్ డయాక్సైడ్ సెన్సరు తెల్లవారుజామున 720 మైక్రోఅట్మాస్ఫియర్లు (ఒక్కొక్కటీ అట్మాస్ఫియర్ పీడనంలో పది లక్షల వంతు), మధ్యాహ్నం మూడు గంటలకు 380 చూపిస్తోంది, అది చెడిపోయిందా? నెలవారీ సగటులు తీసి మూడేళ్లు పోల్చితే సముద్రం ఆమ్లీకరణ చెందుతోందని చూపించవచ్చా? డబ్బు పరిమితం కాబట్టి, ఇంత ఖర్చు లేకుండా నీటి ఆమ్లతను చూపే పీహెచ్ మీటరు ఒక్కటి సరిపోదా?

మీ సెన్సరు చాలావరకు నిజమే చెబుతోంది. మూడేళ్లు చాలవు. పీహెచ్ మీటరు ఒక్కటే ఉన్నా చాలదు, ఆ మాటకొస్తే కార్బన్ డయాక్సైడ్ సెన్సరు ఒక్కటే ఉన్నా చాలదు. నడిసముద్రంలో ఒంటరి అంకెకు కొంతైనా విలువ ఉంటుంది. తీరంలో మాత్రం దాని పక్కన ఉష్ణోగ్రత, లవణీయత, ఆక్సిజన్, కొలిచిన వేళ, కార్బన్‌కు సంబంధించిన మరో కొలత ఉంటే తప్ప అది దేన్ని చూపిస్తోందో చెప్పలేం. మీ మూడు ప్రశ్నలకూ మూలం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ సెన్సరు కొలిచేది నీటిలోని మొత్తం కార్బన్‌ను కాదు. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరగగానే అధిక భాగం బైకార్బొనేట్‌గా, కొంత కార్బొనేట్‌గా మారిపోతుంది. మామూలు సముద్రపు నీటిలో కరిగిన అకర్బన కార్బన్‌లో దాదాపు 90 శాతం బైకార్బొనేట్. మిగిలినదాంట్లో చాలా వరకు కార్బొనేట్. వాయువు రూపంలోనే కరిగి ఉండేది ఒక శాతం లోపు. పాక్షిక పీడనం అంటే ఆ ఒక్క శాతం లోపు భాగం గాలిలోకి తప్పించుకుపోవడానికి వేసే ఒత్తిడి. అంత చిన్న భాగం కాబట్టే అది అంత చురుగ్గా కదులుతుంది. మొత్తం కార్బన్ ఒక్క శాతం మారితే పాక్షిక పీడనం సుమారు పది శాతం మారుతుంది. దీన్ని రెవెల్ గుణకం అంటారు. వెచ్చని నీటిలో అది 8 దగ్గర, చల్లని ధ్రువ జలాల్లో 13కు పైన ఉంటుంది. మీ అంకెలు రోజుకు రెండింతలు కావడం చూసి నీటిలో కార్బన్ రెండింతలైందని అనుకోకండి. మొత్తం కార్బన్‌లో కొద్ది శాతం మార్పే అంత పెద్దగా కనిపిస్తోంది.

ఇక ఆ మార్పు ఎక్కడి నుంచి వస్తోంది? రాత్రంతా నీటిలోని జీవులు, అడుగున ఉన్న బురదలోని సూక్ష్మజీవులు శ్వాసిస్తూ కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తాయి. పొద్దెక్కాక వృక్షప్లవకాలు, నాచు, సముద్రపు గడ్డి కిరణజన్య సంయోగక్రియతో దాన్ని లాగేసుకుంటాయి. అందువల్ల తెల్లవారుజామున అత్యధికం, మధ్యాహ్నం తర్వాత అత్యల్పం. లోతు తక్కువగా ఉండి, నీటి మార్పిడి నెమ్మదిగా జరిగే చోట ఈ ఊపు వందల మైక్రోఅట్మాస్ఫియర్లు ఉండటం వింతేమీ కాదు. అంటే మీరు చెప్పిన వేళలు జీవక్రియకు అచ్చంగా సరిపోతున్నాయి.

అయినా ఊహతో సరిపెట్టుకోకండి, సరిచూడండి. మొదట ఉష్ణోగ్రత. మిగతావేవీ మారకుండా నీరు ఒక డిగ్రీ వేడెక్కితే పాక్షిక పీడనం సుమారు 4.23 శాతం పెరుగుతుంది. 1993లో తకహాషి బృందం ప్రచురించిన ఈ సంఖ్యను ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ఉదయం నుంచి మధ్యాహ్నానికి మీ నీరు 2 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. కేవలం వేడి వల్ల 720 కాస్తా 784 దాకా పెరగాలి. కానీ అది 380కి పడింది. అంటే జీవులు లాగేసినది పైకి కనిపించే 340 కన్నా ఎక్కువే, దాదాపు 400. ఉష్ణోగ్రతను సరిదిద్దకుండా చూస్తే అసలు జరిగిన పనిని మీరు తక్కువ అంచనా వేస్తారు. చలికాలంలో చల్లబడే నీటి విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది.

రెండోది ఆక్సిజన్. తీరంలో కార్బన్ కొలిచేవారు ఆక్సిజన్ సెన్సరును అనవసరపు ఖర్చుగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పడిపోయిన వేళ ఆక్సిజన్ పెరగాలి, అది పెరిగిన వేళ ఆక్సిజన్ తగ్గాలి. రెండూ ఎదురెదురుగా నడుస్తుంటే మీ 720 నిజమైనదే. మధ్యాహ్నం ఆక్సిజన్ సంతృప్తిని మించి ఉండి, అదే సమయంలో కార్బన్ డయాక్సైడ్ కూడా గాలి కన్నా రెండింతలు ఉంటే మాత్రం ఏదో ఒక పరికరం తప్పు చెబుతోందని అనుమానించండి. అయితే ఆక్సిజన్ గాలితో కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లోనే సమతుల్యం అవుతుంది, కార్బన్ డయాక్సైడ్‌కు నెలలు పడుతుంది. కాబట్టి ఒక రోజు లోపలి పోలికకు ఆక్సిజన్ చక్కగా పనికొస్తుంది, రుతువుల పోలికకు అంతగా పనికిరాదు.

మూడోది లవణీయత, దానితో పాటు ఆటుపోట్లు. తీరంలో నీరు ఒకచోట నిలబడదు. మీ సెన్సరు కదలకపోయినా దాని ముందుకు వచ్చే నీరు మారుతూనే ఉంటుంది: పోటులో సముద్రపు నీరు, ఆటులో నది లేదా చిత్తడి నేల నుంచి దిగివచ్చే నీరు. నది నీటిలో సాధారణంగా సేంద్రియ పదార్థం కుళ్లడం వల్ల కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా చాలా ఎక్కువ ఉంటుంది, ఆమ్లాన్ని తట్టుకునే శక్తి అయిన క్షారత మాత్రం చాలా నదుల్లో సముద్రం కన్నా తక్కువ. లవణీయత పడిపోయిన గంటలోనే అంకె ఎగిరితే అది జీవక్రియ కాదు, నీరే వేరు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, దాని గురించి గట్టిగా చెబుతాను. చాలా బృందాలు రోజూ ఉదయం పది గంటలకు వెళ్లి ఒక నమూనా తెచ్చుకుంటాయి. ప్రధానమైన చంద్ర ఆటుపోటు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది. దాన్ని రోజుకు ఒక్కసారి, అదీ ఒకే గడియారపు వేళకు చూస్తే, మీ పట్టికలో దాదాపు పదిహేను రోజుల అల ఒకటి పుట్టుకొస్తుంది. అందులో ఎంత భాగం అమావాస్య, పౌర్ణమి పోట్లతో వచ్చే అసలైన మార్పో, ఎంత భాగం మీరు కొలిచిన తీరువల్ల పుట్టినదో ఆ పట్టిక నుంచి విడదీయలేరు. పైగా పదింటి నీరు ఆ రోజు సగటును సూచించదు. సెన్సరు ఉంటే కనీసం గంటకు ఒకసారి నమోదు చేయించండి. చేత్తోనే కొలుస్తుంటే, నెలకు ఒకసారైనా ఒక పూర్తి ఆటుపోటు చక్రం పాటు, పగలూ రాత్రీ కలిపి, రెండేసి గంటలకు నమూనాలు తీయండి. ముప్పై రోజులు ముప్పై విడి నమూనాలు తేవడం కన్నా, అదే శ్రమను ఇలా గుదిగుచ్చితే మీ చోటు గురించి ఎంతో ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, నా దృష్టిలో అసలు ప్రశ్న. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280). 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవాలో కొలతలు మొదలుపెట్టినప్పుడు దాదాపు 315. ఇప్పుడు 420 దాటింది. మనుషులు వదిలే దానిలో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. ఫలితంగా ఉపరితల సముద్రపు సగటు పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. వినడానికి చిన్న తేడాలా ఉన్నా, ఇది లాగరిథమ్ కొలమానం కాబట్టి హైడ్రోజన్ అయాన్లు నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు. హవాయి దగ్గరి అలోహా కేంద్రంలోనూ, బెర్ముడా దగ్గరా 1988 నుంచి జరుగుతున్న కొలతల్లో పీహెచ్ ఏడాదికి 0.002కు కాస్త అటూఇటూగా తగ్గుతోంది. నీటిలోని పాక్షిక పీడనం గాలితో పాటే ఏడాదికి సుమారు 2 మైక్రోఅట్మాస్ఫియర్లు పెరుగుతోంది.

ఈ అంకెలను మీ జెట్టీ పక్కన పెట్టి చూడండి. మూడేళ్లలో మీరు పట్టుకోవలసిన మార్పు ఆరేడు మైక్రోఅట్మాస్ఫియర్లు. మీ నీరు ఒక్క రోజులో ఊగేది 340. పీహెచ్‌లో చెప్పాలంటే, రెండు వందల ఏళ్లలో ప్రపంచ సముద్రం దిగిన దానికి రెండింతలు మీ నీరు ఒక్క పగలులో ఎక్కి దిగుతోంది. ఈ ఊపు కింద ఆ సన్నని వాలును చూడాలంటే ఎన్నేళ్లు పడుతుందో లెక్కగట్టినవారు ఉన్నారు. ప్రపంచవ్యాప్తంగా 40 చోట్ల లంగరు వేసిన బోయాల దత్తాంశాన్ని విశ్లేషించి 2019లో ఎడ్రియన్ సటన్ బృందం ప్రచురించిన అంచనా ప్రకారం, నడిసముద్రంలో 8 నుంచి 15 ఏళ్లు, తీరంలో 16 నుంచి 41 ఏళ్లు. అది కూడా మంచి పరికరాలతో, మూడు గంటలకొకసారి, ప్రామాణిక వాయువులతో సరిచూసుకుంటూ కొలిస్తే.

దీంతో నిరుత్సాహపడి సెన్సరును ఒడ్డుకు లాగేయకండి. దీర్ఘకాలపు వాలు ఒక ప్రశ్న. ఈ నీటిలో బతికే జీవులు ఈ రోజు, ఈ రుతువులో ఎలాంటి పరిస్థితిని ఎదుర్కొంటున్నాయన్నది మరో ప్రశ్న. ప్రపంచ సముద్ర ఆమ్లీకరణ పరిశీలన జాలం కూడా ఈ రెండింటికీ వేర్వేరు కచ్చితత్వ లక్ష్యాలు పెట్టింది. మొదటిది వాతావరణ మార్పు స్థాయి: పీహెచ్‌లో 0.003, పాక్షిక పీడనంలో 0.5 శాతం, మొత్తం క్షారతలోనూ కరిగిన అకర్బన కార్బన్‌లోనూ కిలోకు 2 మైక్రోమోల్‌ల లోపు అనిశ్చితి ఉండాలి. రెండోది రోజువారీ స్థితిగతుల స్థాయి: పీహెచ్‌లో 0.02, పాక్షిక పీడనంలో 2.5 శాతం, మిగతా రెండింటిలో 10 మైక్రోమోల్‌లు. చిన్న ప్రయోగశాల మొదటి రోజు నుంచే మొదటి స్థాయిని పట్టుకోవాలని తపించి మూడో నెలలో చేతులెత్తేయడం కన్నా, రెండో స్థాయిని నిజాయితీగా, ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం ఎంతో మేలని నా నమ్మకం.

రెండో స్థాయి కొలతలు ఎంత విలువైనవో తెలియాలంటే అమెరికాలోని ఆరిగాన్ తీరాన విస్కీ క్రీక్ హ్యాచరీలో, అంటే ఆల్చిప్పల పిల్లలను పెంచే కేంద్రంలో, జరిగింది చూడాలి. 2007, 2008ల్లో అక్కడ ఆల్చిప్పల పిల్లలు కుప్పలుగా చచ్చిపోయాయి. మొదట బ్యాక్టీరియాను అనుమానించి నీటిని శుద్ధి చేశారు, చావులు ఆగలేదు. ఆరిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బర్క్ హేల్స్, ఆయన సహచరులు వచ్చి నీటిలో పాక్షిక పీడనాన్ని ఎడతెగకుండా కొలిచాక విషయం తేలింది. ఉత్తర గాలులు వీచిన రోజుల్లో లోతు నుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తోంది. దశాబ్దాల పాటు చీకట్లో ఉండి, కుళ్లిన పదార్థం విడిచిన కార్బన్ డయాక్సైడ్‌తో నిండిన నీరు అది. దానికి తోడు అది చివరిసారి గాలిని తాకినప్పుడు పీల్చుకున్న మానవజనిత వాటా. గుడ్డు నుంచి బయటపడిన తొలి రోజుల్లో గుల్ల కట్టుకోవాల్సిన పిల్లలకు అందులో కార్బొనేట్ చాలడం లేదు. పరిష్కారం కూడా కొలతలోంచే వచ్చింది: కిరణజన్య సంయోగక్రియ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించే మధ్యాహ్నపు వేళ తొట్లు నింపుకోవడం, అవసరమైనప్పుడు సోడియం కార్బొనేట్ కలపడం. ఆ హ్యాచరీ నిలదొక్కుకుంది. ముప్పై ఏళ్ల వాలు కోసం వాళ్లు ఆగలేదు. మీ జెట్టీ దగ్గర తెల్లవారుజామున 720 ఉండటం అక్కడ గుల్ల కట్టే జీవులకు ఏమిటన్నది కూడా ఈ రకం ప్రశ్నే.

కానీ ఆ ప్రశ్నకు జవాబు పాక్షిక పీడనం ఒక్కటే ఇవ్వలేదు. గుల్ల కట్టే జీవికి ముఖ్యమైనది అరగోనైట్ (గుల్లల్లో ఉండే ఒక రకం కాల్షియం కార్బొనేట్ ఖనిజం) సంతృప్త స్థాయి, అంటే కాల్షియం, కార్బొనేట్ అయాన్ల గాఢతల లబ్ధాన్ని ఖనిజపు కరిగే హద్దుతో భాగించిన విలువ. అది 1 కన్నా తక్కువైతే రక్షణ లేని అరగోనైట్ కరుగుతుంది. లేత డింభకాలు 1 కన్నా బాగా పైనే ఇబ్బంది పడతాయి. దీన్ని లెక్కించాలంటే నాలుగు కొలతల్లో, అంటే పీహెచ్, పాక్షిక పీడనం, మొత్తం క్షారత, కరిగిన అకర్బన కార్బన్‌లలో ఏవైనా రెండు కావాలి. ఉష్ణోగ్రత, లవణీయత తోడుంటే మిగతావన్నీ రసాయన సమీకరణాలతో వస్తాయి. 1998లో లూయిస్, వాలెస్ తయారుచేసిన సీఓ2సిస్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ పని చేస్తుంది.

ఏవైనా రెండు అన్నాను గానీ, జతలన్నీ సమానం కావు. పాక్షిక పీడనం, పీహెచ్ జత పేరుకే రెండు కొలతలు. ఒకటి పెరిగితే మరొకటి దాదాపు ఖాయంగా తగ్గుతుంది. ఒక సాక్షి చెప్పిన మాటనే రెండో సాక్షి తిరిగి చెప్పినట్టు. వాటి నుంచి క్షారతను గానీ మొత్తం కార్బన్‌ను గానీ లెక్కిస్తే, పీహెచ్‌లో 0.01 తేడా కూడా ఫలితాన్ని దారుణంగా చెదరగొడుతుంది. కాబట్టి మీ సెన్సరుకు జతగా మొత్తం క్షారతనో, మొత్తం అకర్బన కార్బన్‌నో ఎంచుకోండి. నా ఓటు క్షారతకు. అది వాయువు రాకపోకలతో మారదు, టైట్రేషన్‌తో (గాఢత తెలిసిన ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలిపే పద్ధతితో) కొలవవచ్చు, పైగా చాలా తీరాల్లో లవణీయతతో దాదాపు సరళరేఖలో నడుస్తుంది. ఏడాది పాటు అన్ని రుతువుల్లో నమూనాలు తీసి మీ చోటుకు ఆ రేఖను కట్టుకుంటే, తర్వాత లవణీయత సెన్సరుతోనే గంటగంటకూ క్షారతను అంచనా వేయవచ్చు. ఇంకెక్కడో ఎవరో కట్టిన రేఖను అరువు తెచ్చుకోవద్దు. నదీముఖాల్లో రెండు నదుల క్షారతలు వేరైతే ఆ రేఖ రెండుగా చీలుతుంది. మడ అడవుల దగ్గర సేంద్రియ ఆమ్లాలు టైట్రేషన్‌లో చొరబడి క్షారతను లేనంత ఎక్కువగా చూపిస్తాయి. అలాంటి చోట మొత్తం అకర్బన కార్బన్ మెరుగైన జత.

పీహెచ్ మీటరు సంగతికి వద్దాం. నీటి నాణ్యత పరీక్షలకు వాడే గాజు ఎలక్ట్రోడును 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేసి సముద్రపు నీటిలో ముంచితే వచ్చే అంకెకు ఆమ్లీకరణ పరిశీలనలో చోటు లేదు. ఆ బఫర్లు పలచని ద్రావణాలు. సముద్రపు నీటిలో ఉప్పు అంతకు ఎన్నో రెట్లు. ద్రావణం మారగానే ఎలక్ట్రోడు సంధి దగ్గర వోల్టేజీ మారుతుంది, ఎంత మారిందో ఎలక్ట్రోడును బట్టి ఉంటుంది. సముద్ర రసాయన శాస్త్రంలో వాడేది మొత్తం హైడ్రోజన్ అయాన్ కొలమానం. మామూలు బఫర్ల కొలమానంతో దానికి 0.1కి పైగా తేడా ఉండవచ్చు. మీరు వెతికే మార్పు ఏడాదికి 0.002 అని గుర్తుంచుకోండి. సరైన దారి పీహెచ్‌ను బట్టి రంగు మారే ఎం-క్రిసాల్ పర్పుల్ అనే రంగుతో 434, 578 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ కొలవడం. మంచి స్పెక్ట్రోఫోటోమీటరు ఉన్న ఏ కళాశాలలోనైనా, ఉష్ణోగ్రతను గట్టిగా అదుపులో పెడితే, ఇది సాధ్యమే. రంగు మాత్రం శుద్ధి చేసినది కావాలి, లేకపోతే మలినాలే ఫలితాన్ని లాగేస్తాయి. నీటిలో వదిలేయడానికైతే ఐఎస్‌ఫెట్ రకం (గాజుకు బదులు అర్ధవాహక చిప్‌తో పీహెచ్ కొలిచే) సెన్సర్లు గాజు కన్నా ఎంతో స్థిరం.

పరికరాల గురించి కొంత. పాక్షిక పీడనాన్ని కొలవడానికి ఉత్తమమైన పద్ధతి ఇప్పటికీ ఈక్విలిబ్రేటరే. మూసిన గదిలో సముద్రపు నీటిని జల్లులా కురిపించి, లోపలి గాలిని దానితో సమతుల్యం కానిచ్చి, ఆ గాలిని పరారుణ విశ్లేషకానికి పంపుతారు. ఓడల మీద నడిచే వ్యవస్థలు ఇలా 2 మైక్రోఅట్మాస్ఫియర్ల లోపు కచ్చితత్వం సాధిస్తాయి. మీది పొర రకం సెన్సరు: నీరు బయట, గాలి లోపల, మధ్యలో వాయువును మాత్రమే పోనిచ్చే పొర. సులువే, కానీ స్పందన నెమ్మది. పొర ముందు నీటిని పంపు చేయకపోతే సమతుల్యానికి చాలా నిమిషాలు పడుతుంది, ఆటుపోటు మలుపులో వేగంగా మారే నీటిని అది అందుకోలేదు. గాలి నాణ్యత కోసం చేసిన చవక సెన్సర్లను ఇందులో బిగించేవారూ ఉన్నారు. వాటిలో కొన్నింటికి తయారీదారులే 30 పీపీఎం, ఆపైన చదివిన విలువలో 3 శాతం తేడా ఉండవచ్చని చెబుతారు. మీ 340 ఊపును చూడటానికి అవి చాలు, వాలుకు పనికిరావు.

చాలామంది తప్పేది లెక్కలో. విశ్లేషకం గాలిని ఆరబెట్టి కొలిస్తే వచ్చేది పొడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ భాగం, పీపీఎంలో. నీటి పైన గాలి పొడిగా ఉండదు, ఆవిరితో నిండి ఉంటుంది. 28 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి పీడనం మొత్తంలో దాదాపు 3.7 శాతం. పొడి గాలిలో 420 పీపీఎం అంటే, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర, పాక్షిక పీడనం సుమారు 405 మైక్రోఅట్మాస్ఫియర్లే. పీపీఎంని, మైక్రోఅట్మాస్ఫియర్లను ఒకటే అనుకుని గీసిన గ్రాఫులో ఏడెనిమిదేళ్ల సముద్రపు మార్పుకు సమానమైన తప్పు దాగి ఉంటుంది. అలాగే నీరు తీసుకున్న చోటికీ ఈక్విలిబ్రేటరుకూ మధ్య 0.1 డిగ్రీ తేడా ఉన్నా 400 దగ్గర అది 1.7 మైక్రోఅట్మాస్ఫియర్లు. రెండు చోట్లా మంచి థర్మామీటరు పెట్టండి.

వెచ్చని తీరపు నీటిలో పరికరానికి అతి పెద్ద శత్రువు దాని మీద పెరిగే జీవమే. రెండు వారాల్లో బార్నకిల్‌లు, నాచు పట్టేస్తాయి. అవి పొర పక్కనే శ్వాసిస్తూ, కిరణజన్య సంయోగక్రియ జరుపుతూ తమ సొంత కార్బన్ డయాక్సైడ్‌ను మీ సెన్సరుకు చూపిస్తాయి. రోజువారీ ఊపు వారం వారం పెరుగుతూ పోయి, శుభ్రం చేసిన రోజున ఒక్కసారిగా కుదించుకుపోతే మీరు కొలిచింది సముద్రాన్ని కాదు, సెన్సరు మీది తోటను. నీరు వచ్చే మార్గానికి రాగి జాలి లేదా రాగి పట్టీ వాడండి. శుభ్రం చేయడానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట అదే నీటిలో కొలిచి ఆ తేడాను రాసిపెట్టుకోండి. ఎంత పాత దత్తాంశాన్ని నమ్మవచ్చో ఆ తేడాయే చెబుతుంది.

విశ్లేషకంలోని దీపం కాలంతో మసకబారుతుంది, అంకెలు జారుతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసే సోడాలైమ్ గుండా గాలి పంపి సున్నాను సరిచూసుకోవడం అవసరమే కానీ సగం పనే. 700 దగ్గర ఎంత తప్పుతోందో సున్నా చెప్పదు. కనీసం రెండు ప్రామాణిక వాయువులు, ఒకటి గాలి స్థాయి కన్నా తక్కువ, మరొకటి మీకు వచ్చే గరిష్ఠానికి దగ్గరగా, ప్రపంచ వాతావరణ సంస్థ కొలమానంతో ముడిపడినవి కావాలి. మౌనా లోవా రికార్డు ఇన్ని దశాబ్దాలుగా నిలబడటానికి కీలింగ్ తన ప్రామాణిక వాయువుల విషయంలో చూపిన మొండి పట్టుదల ఒక పెద్ద కారణం. సెన్సరును అప్పుడప్పుడూ నీటిపై గాలిని కొలిచేలా అమర్చుకోవడం కూడా మంచి అలవాటు. గాలి విలువ దాదాపు తెలిసినదే కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. తీరంలో ఒడ్డు నుంచి వీచే గాలి, వాహనాల పొగ ఆ విలువను పెంచుతాయి కనుక సముద్రం నుంచి గాలి వీచే వేళ ఎంచుకోండి.

వీటన్నిటికీ పైన, సీసా నమూనాలు. వారానికి ఒకసారైనా సెన్సరు పక్కనే బోరోసిలికేట్ గాజు సీసాలో, బుడగలు రాకుండా అడుగు నుంచి నింపి, పొంగిపొర్లనిచ్చి నీరు తీసుకోండి. మూత కింద ఒక శాతం ఖాళీ వదిలి, జీవక్రియ ఆగడానికి సంతృప్త మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణం 500 మిల్లీలీటర్లకు 100 మైక్రోలీటర్లు వేసి, గ్రీజు రాసిన గాజు బిరడాతో బిగించండి. అది పాదరసం, తీవ్రమైన విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, వాడిన నీటిని కాలువలో పోయకుండా విడిగా సేకరించి అప్పగించండి. ప్లాస్టిక్ సీసాల గుండా వాయువు జారిపోతుంది, వాటిని వాడవద్దు. టైట్రేషన్ జరిపే ప్రతి రోజూ ధ్రువీకృత ప్రామాణిక సముద్రపు నీటిని, అంటే క్షారత, మొత్తం కార్బన్ ముందే కచ్చితంగా తెలిసిన నీటిని, కూడా కొలవాలి. స్క్రిప్స్ సముద్ర శాస్త్ర సంస్థలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల దశాబ్దాలుగా దీన్ని తయారుచేసి ప్రపంచానికి పంపింది. కోవిడ్ కాలంలో ఆ సరఫరా తగ్గినప్పుడు ఎన్నో దేశాల పరిశోధకులు ఇబ్బంది పడ్డారు. అది ఖరీదైనదే. అందుకే చాలా బృందాలు సొంత సముద్రపు నీటిని పెద్ద పాత్రలో వడగట్టి, విషం కలిపి, దాన్ని ధ్రువీకృత నీటితో పోల్చుకుని రోజువారీ పనికి వాడుకుంటాయి. మీరూ అలాగే చేయండి.

సగటులు తీసేటప్పుడు ముడి అంకెలను పారేయవద్దు. నెల సగటుతో పాటు తెల్లవారుజాము గరిష్ఠం, మధ్యాహ్నపు కనిష్ఠం, సంతృప్త స్థాయి ఒక హద్దు కన్నా కింద ఎన్ని గంటలు ఉందన్నది కూడా ఇవ్వండి. జీవికి తగిలేది సగటు కాదు. పీహెచ్ ఏ కొలమానంలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నది ప్రతి పట్టికలో ఉండాలి. లెక్కకు కార్బన్ రూపాల మధ్య సమతుల్యాన్ని చెప్పే ఏ స్థిరాంకాలు వాడారో కూడా రాయాలి: లవణీయత 19 కన్నా ఎక్కువ ఉన్న నీటికి ల్యూకర్ బృందం 2000లో ఇచ్చినవి సరిపోతాయి, అంతకన్నా తియ్యని నదీముఖపు నీటికి మిల్లెరో 2010 నాటివి మేలు. నాణ్యత 10 మైక్రోఅట్మాస్ఫియర్ల కన్నా మెరుగ్గా ఉంటే ప్రపంచ ఉపరితల సముద్ర కార్బన్ దత్తాంశ సంకలనమైన సోకాట్‌కు కూడా పంపవచ్చు. అది కచ్చితత్వాన్ని బట్టి 2, 5, 10 మైక్రోఅట్మాస్ఫియర్ల శ్రేణులుగా దత్తాంశాన్ని వర్గీకరిస్తుంది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 14.3.1 సూచిక సముద్రపు ఆమ్లతకు సంబంధించినదే. యునెస్కో అంతర్‌ప్రభుత్వ సముద్ర శాస్త్ర సంఘం దాని కోసం దేశాల నుంచి ఏటా దత్తాంశం సేకరిస్తుంది, తీర కేంద్రాల దత్తాంశానికి అక్కడ నిజంగా కొరత ఉంది.

డబ్బు పరిమితమని రాశారు కాబట్టి చివరగా వరుస చెబుతాను. మీ దగ్గర సెన్సరు ఇప్పటికే ఉంది. మొదట దాని పక్కన ఉష్ణోగ్రత, లవణీయత, ఆక్సిజన్ చేర్చండి. తర్వాత గాజు సీసాలు, క్షారత టైట్రేషన్ సామగ్రి, ధ్రువీకృత నీరు. ఆ తర్వాత రెండు ప్రామాణిక వాయువుల సిలిండర్లు. ఇవన్నీ సమకూరే దాకా రెండో చోట పెట్టడానికి రెండో సెన్సరు కొనవద్దు. ఈ నెలలోనే అమావాస్య లేదా పౌర్ణమి పోటు ఉన్న రోజు చూసుకుని, సెన్సరు పక్కనే ఇరవై నాలుగు గంటలు రెండేసి గంటలకు సీసాలు నింపండి. క్షారత, మొత్తం కార్బన్ కొలవగల మరో ప్రయోగశాల సహాయం తీసుకుని, వాటి నుంచి లెక్కించిన పాక్షిక పీడనం మీ 720ని, 380ని ఎంత దగ్గరగా తాకుతుందో చూడండి. తేడా 20 లోపు ఉంటే ఆ సెన్సరును నమ్మి పని మొదలుపెట్టవచ్చు. అంతకు మించితే, ఆ తేడా రోజంతా ఒకేలా ఉందా, ఎక్కువ విలువల దగ్గరే పెరుగుతోందా అన్నది ముందు చూడండి: ఒకేలా ఉంటే సున్నా జారింది, విలువతో పాటు పెరుగుతుంటే క్యాలిబ్రేషన్ వాలు తప్పింది, ఆటుపోటు మలుపుల్లోనే కనిపిస్తే పొర స్పందన చాలడం లేదు.